క్రీముకు మెత్తని బ్రష్ ఏది?

ప్రశ్న: అయ్యా, నాకు అరవై దాటాయి. ట్యూబు క్రీముతో రోజూ గడ్డం గీసుకుంటాను. పాత పంది వెంట్రుకల బ్రష్ ఇప్పుడు చెంపలకు గుచ్చుకుంటోంది. ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ బాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలతో చేసిన బ్రష్ తెస్తానంటున్నాడు. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్ టిప్ అని రకాలున్నాయట. ధరలేమో 30 పౌండ్ల నుంచి 200 దాకా చెబుతున్నాడు. ఏది తెమ్మనాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 'ప్యూర్' అని రాసున్నది మాత్రం వద్దని ముందే చెప్పేయండి. పేరు వింటే అదే అసలు సరుకు అనిపిస్తుంది గానీ, మామూలుగా బాడ్జర్‌లో అన్నిటికన్నా కింది రకం అదే. ముదురు రంగు, ముతక వెంట్రుక. చాలావాటికి కొనలు కత్తిరించి సమం చేస్తారు, అందుకే గుచ్చుకుంటాయి. ఆ బాధ మీకు ఇప్పుడే ఉంది, మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవడం ఎందుకు?

విజయవాడ బీసెంట్ రోడ్డులో మా ఫ్యాన్సీ షాపు నడిచిన రోజుల్లో బ్రష్ కొనడానికి వచ్చినవాళ్లంతా దాన్ని అరచేతిలో రుద్ది చూసేవారు. అరచేతికి ఏం తెలుస్తుందండీ! కింది పెదవి కింద, గడ్డం గుంట దగ్గర పొడిగా ఆనించి చూడమనేవాణ్ని. అక్కడ చురుక్కుమంటే రోజూ చురుక్కుమంటుంది.

ఈ రకాల పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ 'బెస్ట్' ఇంకో కంపెనీ 'సూపర్' కన్నా మెత్తగా ఉండొచ్చు. సిల్వర్ టిప్ అంటే కొనలు సహజంగానే తెల్లగా, సన్నగా ఉన్న వెంట్రుక. అన్నిటికన్నా మెత్తన అదే, ఖరీదూ దానిదే. అయితే ముతక వెంట్రుక కొనలను బ్లీచ్ చేసి తెల్లగా చూపించేవాళ్లూ ఉన్నారు, అందుకని రంగు చూసి మోసపోకూడదు.

మీరు వాడేది క్రీము. అసలు విషయం అక్కడే ఉంది. గట్టి సబ్బు బిళ్లయితే దాన్ని రుద్ది తీయడానికి బ్రష్‌కు బలం కావాలి. క్రీము అప్పటికే మెత్తన, కాస్త నీళ్లు తగిలితే చాలు నురుగవుతుంది. కాబట్టి కుచ్చు వంగిపోతోందని షాపువాడు తీసిపారేసే బ్రష్ మీకు సరిగ్గా సరిపోతుంది. కుచ్చు మొదట్లో 22 మిల్లీమీటర్ల మందం, పిడి పైనుంచి కొన దాకా 50కి అటూఇటూగా ఎత్తు ఉంటే బాగుంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ మెత్తదనం పెరుగుతుంది. 26 దాటిన లావుపాటివి నురుగంతా తమ కడుపులోనే దాచుకుంటాయి, ముఖానికి మిగలదు.

పేర్లు చెప్పమంటే, ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని వల్ఫిక్స్ వారి 'సూపర్ బాడ్జర్' చూడమనండి. పొడుగ్గా, వదులుగా ఉంటుంది. సింప్సన్ 1919 నుంచి ఉన్న కంపెనీ, పనితనం గొప్పది. కానీ వాళ్ల 'చబ్బీ' పొట్టిగా, బాగా ఒత్తుగా ఉంటుంది. అది సబ్బువాళ్ల బ్రష్, మీకొద్దు. 200 పౌండ్ల దాకా పోవాల్సిన పని అస్సలు లేదు. ఒక స్థాయి దాటాక డబ్బంతా పిడి అందానికీ పేరుకూ పోతుంది.

వాడకం సంగతి. గోరువెచ్చని నీళ్లలో ఒక నిమిషం ఉంచి, రెండుసార్లు విదిలించి, బాదం గింజంత క్రీము వేసుకోండి. ముందు గుండ్రంగా తిప్పి, నురుగు వచ్చాక గోడకు సున్నం వేసినట్టు పైకీ కిందికీ లాగండి. కుచ్చు విచ్చుకుపోయేలా అదమకూడదు, వెంట్రుకలు మొదట్లో విరుగుతాయి.

ప్రశ్న: కొత్త బాడ్జర్ బ్రష్ తడిపితే పశువుల కొట్టం వాసన వస్తోంది. మరిగే నీళ్లలో వేయవచ్చా?
– ఒక పాఠకురాలు (మావారి తరఫున), వరంగల్

జవాబు: వద్దమ్మా! మరిగే నీళ్లకు జిగురు వదులుతుంది, వెంట్రుక పాడవుతుంది. తలకు పెట్టుకునే షాంపూతో కడిగి, గాలికి ఆరబెట్టండి. రోజూ వాడుతుంటే కొద్ది రోజుల్లో ఆ వాసన పోతుంది. మొదట్లో నాలుగైదు వెంట్రుకలు రాలినా టెన్షన్ పడకండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుర్రపు వెంట్రుకను బాడ్జర్‌లా కనిపించేట్టు చేసి అమ్మిన బ్రష్‌లు సరిగ్గా శుద్ధి చేయక కొందరికి ఆంథ్రాక్స్ అనే ప్రాణాంతకమైన జబ్బు అంటించాయి. ఇప్పుడు పేరున్న కంపెనీలు వెంట్రుకను శుద్ధి చేశాకే కడతాయి, మీ ఇంట్లో మరిగించాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: ఈ వెంట్రుక కోసం జంతువును చంపుతారా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: చంపుతారు. బ్రిటన్‌లో బాడ్జర్లకు 1992 చట్టం రక్షణగా ఉంది. అక్కడ తయారయ్యే బ్రష్‌లకు కూడా వెంట్రుక ఎక్కువగా చైనా నుంచే వస్తుంది. మనసొప్పకపోతే సింథటిక్ కొనుక్కో బాబూ. పాత నైలాన్ కుచ్చులా గుచ్చుకోదు, ఇప్పటివి చాలా మెత్తన. క్రీముతో నురుగు కూడా త్వరగా వస్తుంది. నీళ్లు పీల్చదు కనుక తొందరగా ఆరిపోతుంది కూడా. పైన అడిగిన కాకినాడ పెద్దాయనా ఇది వినాలి. సముద్రపు గాలిలో, అందులోనూ శ్రావణ భాద్రపదాల్లో, బాడ్జర్ కుచ్చు మర్నాటి పొద్దుటికి లోపల తడిగానే ఉంటుంది. అలాంటిదాన్ని అద్దాల అల్మారాలో పెట్టి మూస్తే బూజు పడుతుంది. విజయవాడలో నేను వానాకాలమంతా సింథటిక్‌తోనే గడిపేస్తాను. బాడ్జర్‌ను కిటికీ పక్కన ఆరబెట్టి, దసరా తర్వాతే మళ్లీ తీస్తాను.