సిల్వర్టన్ వెళ్తున్నారా? ముందు ఎత్తు సంగతి చూసుకోండి

ప్రశ్న: జులైలో అమ్మానాన్నలు విజయవాడ నుంచి వస్తున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. కొలరాడోలోని పాత గనుల ఊరు సిల్వర్టన్ చూపించాలని ఉంది. డురాంగో నుంచి పొగబండి ఎక్కించాలా, కారులో తీసుకెళ్లాలా? గని లోపలికి వాళ్లు వెళ్లగలరా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: బండి సంగతి తర్వాత. డాలస్ నాలుగైదు వందల అడుగుల ఎత్తులో ఉంటే సిల్వర్టన్ ఉన్నది 9,318 అడుగుల మీద. ఒక్కరోజులో అంత పైకెళ్లి అక్కడే పడుకుంటే తలనొప్పి, వికారం, నిద్రలేమి మామూలే. ముందు డురాంగోలో (6,512 అడుగులు) రెండు రాత్రులు ఉండండి. సిల్వర్టన్ పగలు చూసి, సాయంత్రానికి దిగిపోతే ఇంకా నయం. బీపీ, గుండె మందులు వాడుతుంటే విజయవాడలోని డాక్టరునే అడిగి బయల్దేరమనండి. తలనొప్పి పెరుగుతున్నా, నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా మాత్ర వేసి చూద్దామనుకోవద్దు. వెంటనే కిందికి దించండి.

రైలు 1882 నుంచి నడుస్తున్న నారోగేజి. 45 మైళ్లకు మూడున్నర గంటలు పడుతుంది. రానూపోనూ అదే అంటే పెద్దవాళ్లకు నడుం పట్టేస్తుంది. వెళ్లేటప్పుడు రైలు, తిరిగొచ్చేటప్పుడు బస్సు ఉండే టికెట్ తీసుకోండి. పైకెళ్లేటప్పుడు కుడివైపు సీట్లు అడగండి, అనిమాస్ నది లోయ అటే. ఓపెన్ బోగీ ఫొటోలకు బాగుంటుంది గానీ పొగ, చలి రెండూ భరించాలి.

కారైతే 550 హైవే. సిల్వర్టన్‌కు ఉత్తరాన ఉన్న యూరే ఊరి నుంచి దక్షిణంగా వస్తే మీ లేన్ లోయ అంచునే ఉంటుంది, చాలాచోట్ల రెయిలింగ్ కూడా లేదు. భయమున్నవాళ్లు సిల్వర్టన్ నుంచి యూరే వైపు వెళ్తే కొండను ఆనుకుని పోవచ్చు.

గనికి ఓల్డ్ హండ్రెడ్ మంచిది, ఊరికి ఐదు మైళ్లు. చిన్న రైలుబండి కొండలోకి మైలులో మూడోవంతు తీసుకెళ్తుంది, మొత్తం దాదాపు గంట. లోపల జులైలోనూ 48 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 9. పైనుంచి నీళ్లు కారతాయి. రెయిన్‌కోటు, హెల్మెట్ వాళ్లిస్తారు. స్వెటర్, బూట్లు మీవి. అమ్మగారికి చీరకన్నా చుడీదార్ వీలు.

ప్రశ్న: సిల్వర్టన్‌లో గది తీసుకుని వండుకుంటే అన్నం ఉడకదంటున్నారు. నిజమా?
– ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: నిజమే. డెన్వర్‌లో మీరు చూసేదే, ఇంకాస్త ఎక్కువగా. సిల్వర్టన్‌లో నీళ్లు 90–91 సెల్సియస్‌కే మరుగుతాయి. మంట పెంచితే నీళ్లు ఇగిరిపోతాయి తప్ప వేడి పెరగదు. అందుకే ఎలక్ట్రిక్ కుక్కర్ అన్నం పైకి మెత్తగా కనబడినా మెతుకు మధ్యలో పలుకు మిగులుతుంది. బియ్యం అరగంట నానబెట్టి, రోజూ పోసేదానికి పావుకప్పు నీళ్లు పెంచి, ప్రెషర్ కుక్కర్‌లో పెట్టండి. లోపలి ఆవిరి వేడీ కాస్త తక్కువే కాబట్టి రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. కుక్కర్ లేకుండా కందిపప్పు జోలికి పోవద్దు. ఆవకాయ సీసా జిప్ కవర్లో పెట్టండి. పైకెక్కేకొద్దీ లోపలి గాలి ఉబ్బి మూత దగ్గర నూనె కక్కుతుంది.

ప్రశ్న: సిల్వర్టన్ దగ్గరి పాడుబడ్డ గనుల ఊరు అనిమాస్ ఫోర్క్స్‌కు అద్దె కారులో వెళ్లొచ్చా? అక్కడి పాత గనుల్లోకి వెళ్లొచ్చా, వాగుల నీళ్లు తాగొచ్చా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: సెడాన్ వద్దు. సిల్వర్టన్ నుంచి 12 మైళ్లే గానీ చివర రాళ్లదారి. అద్దె ఒప్పందాలు చాలావరకు ఇలాంటి దారులను ఒప్పుకోవు. టైరు చీలితే ఖర్చు మీదే. సిల్వర్టన్‌లోనే జీపు మాట్లాడుకోండి. 11,200 అడుగుల మీద ఖాళీగా మిగిలిన ఆ ఊళ్లో ఇళ్ల లోపలికీ వెళ్లి చూడొచ్చు. 1879 నాటి డంకన్ ఇంటి ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ తప్పక చూడండి. గుర్తుగా తుప్పుపట్టిన మేకు కూడా తీయకండి.

గని నోట్లోకి మాత్రం అడుగు పెట్టొద్దు. దుంగలు పుచ్చి ఉంటాయి, ఆక్సిజన్ లేని గాలికి వాసన ఉండదు. వాగుల్లో ఆ నారింజ రంగు గనుల నుంచి వచ్చే లోహాలది. ట్రెకింగ్ ఫిల్టర్ క్రిములను ఆపుతుంది, కరిగిన లోహాన్ని ఆపదు. 2015 ఆగస్టు 5న గోల్డ్ కింగ్ గని నుంచి 30 లక్షల గ్యాలన్ల మురుగునీరు పొంగి అనిమాస్ నదికే రంగు మారింది. తాగే నీళ్లు ఊరి నుంచే మోసుకెళ్లండి.

నడక ఇష్టమైతే సిల్వర్టన్ దగ్గరి ఐస్ లేక్ అనే కొండ సరస్సుకు వెళ్లండి: రానూపోనూ ఏడు మైళ్లు, సుమారు 2,400 అడుగుల ఎక్కుడు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పిడుగులు పడతాయి. ఉదయం ఆరింటికే బయల్దేరి, పన్నెండులోపు బయలు ప్రదేశం దాటి అడవిలోకి దిగిపోవాలి.