ఫిల్ము చుట్ట విప్పే ముందు

చి. శ్రీనివాసుకు,
బాబాయి ఆశీస్సులు.

హైదరాబాదులో షాపు నిలదొక్కుకుంటోందని తెలిసి మీ పిన్ని, నేను సంతోషించాం. షోరూము నుంచి నేరుగా వచ్చిన కొత్త కారుకు కూడా, రంగును కాపాడే పారదర్శక ఫిల్ము వేసే ముందు అంత తతంగం అవసరమా అని అడిగావు. అవసరమే. నిజానికి కొత్త కార్ల దగ్గరే కుర్రాళ్లు ఎక్కువగా ఏమరుతారు. ఫిల్ము పరచడం, కోయడం నీకు కంపెనీవాళ్లు నేర్పారు. విజయవాడ ఆటోనగర్‌లో రంగులు వేసి బతికినవాణ్ణి కాబట్టి నేను దాని కింద ఉండే రంగు సంగతి చెబుతాను.

కారు ఫ్యాక్టరీలో రంగు ఆరాక లారీ మీదో, గూడ్సు రైల్లోనో ప్రయాణం చేస్తుంది. యార్డులో ఎండకూ వానకూ నిలబడుతుంది. చివరికి షోరూములో ఎవరో ఏదో గుడ్డతో మెరిసేలా తుడిచి తాళాలు చేతికిస్తారు. పట్టాల నుంచి, బ్రేకుల నుంచి లేచే ఇనుప రజను ఈలోగా క్లియర్ కోటులో, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరలో, గుచ్చుకుని ఉంటుంది. కంటికి ఆనదు. కారు కడిగాక పలచని ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి బానెట్ మీద మెల్లగా రాసి చూడు, గరుకు తెలిసిపోతుంది. ఫిల్ము మందం 150 నుంచి 200 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకూ ఉన్నా అది మెత్తటి పాలీయురేథేన్. కింద ఒక రేణువు మిగిలితే దాని చుట్టూ చిన్న గుడారంలా లేస్తుంది. తెల్ల కారు యజమాని గమనించకపోవచ్చు. నల్ల కారు యజమాని సాయంత్రానికల్లా ఫోను చేస్తాడు.

అందుకే బుకింగు సమయంలోనే యజమానికి చెప్పు: షోరూములో టెఫ్లాన్ కోటింగు, మైనం, పాలిష్ ఏదీ వద్దనమను. వీలైతే కడగనే వద్దనమను. వాళ్లు రాసిన జిడ్డు తీయడానికి నువ్వు పడే శ్రమకు ఎవరూ డబ్బులివ్వరు.

కడగడం చక్రాలతో, మడ్‌గార్డుల లోపలి వైపుతో మొదలుపెట్టాలి. ఆ బురద చివర్లో కడిగితే శుభ్రమైన డోర్ల మీదికి చిమ్ముతుంది. తర్వాత ప్రెషర్ నీళ్లు, ఫోము, రెండు బకెట్లు, ఒకటి షాంపూకు, ఒకటి గ్లవ్ జాడించడానికి. తారు మచ్చలకు తారు రిమూవర్, రజనుకు ఐరన్ రిమూవర్. ఇది చల్లితే ఇనుము ఉన్నచోటల్లా ఊదారంగు ధారలు దిగుతాయి, కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మాస్కు పెట్టుకో. ఎండలో, వేడి రేకు మీద చల్లకు, ఆరిపోతే దాని మచ్చే మిగులుతుంది. ఆఖరున క్లే, అంటే మిగిలిన రేణువులను లాగేసే బంకమట్టి లాంటి ముద్ద. లూబ్రికెంటు ధారాళంగా చల్లి, చేతి బరువు వేయకుండా వేళ్లతో జరపాలి. నేల మీద పడిన క్లే ముక్కను దులిపి మళ్లీ వాడేవాణ్ణి నేనైతే పనిలో ఉంచుకోను.

అంచుల దగ్గర అందరూ బద్ధకిస్తారు. ఫిల్ము మడత పడేది అక్కడే కదా: బానెట్ కింది పెదవి, డోరు అంచులు, పెట్రోలు మూత చుట్టూ. అక్కడ మట్టి గానీ, పాలిష్ తెల్లపొడి గానీ మిగిలితే నెలరోజుల్లో ఫిల్ము లేవడం మొదలవుతుంది. మెత్తని బ్రష్షు తీసుకుని ఒక్కో అంచూ రుద్దు. తర్వాత అద్దాల సందులు, హ్యాండిళ్లు, లోగోల వెనుక కంప్రెసర్ గాలి కొట్టు. అక్కడ దాగిన నీరు నువ్వు ఫిల్ము పరుస్తున్నప్పుడే దిగివస్తుంది, వస్తూ మట్టిని కూడా తెస్తుంది. ‘పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్తాను’ అనేవాళ్లకు కుదరదని చెప్పు. కారు ముందురోజే రావాలి, కడిగాక రాత్రంతా ఆరాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫిల్ము వేసే ముందు ఆ రంగు ఫ్యాక్టరీదా, తర్వాత ఎవరైనా వేసిందా అన్నది తేల్చుకోవాలి. మందం కొలిచే గేజి లేకుండా ఈ వ్యాపారం చేయకు. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 90 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. కారంతా 110 చూపించి ఒక డోరు మాత్రం 250 చూపిస్తే అక్కడ మళ్లీ రంగు పడింది. 500 దాటితే పుట్టీ ఉందనే అనుకో. ‘కొత్త బండి కదా’ అనుకోకు. రవాణాలో గీసుకున్న కారుకు రంగు సరిచేసి అమ్మడమూ ఉంది.

మామూలు గేజి లోహం మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపరు దగ్గర చేతులెత్తేస్తుంది. ఎక్కువగా రంగులు పడేది మాత్రం బంపర్లకే. అక్కడ నీ కళ్లే గేజి. రబ్బరు బీడింగు మీద స్ప్రే తుంపర, అంచున మాస్కింగ్ టేపు వేసిన గీత, బోల్టుల తల మీద స్పానరు ఆనవాళ్లు, పక్క ప్యానెల్‌తో పోలిస్తే తేడాగా ఉన్న నారింజ తొక్క గరుకు, వీటిని చూడు. ఆటోనగర్‌లో ఇవన్నీ దాచడం ఎలాగో తెలిసినవాళ్లం కాబట్టే కనిపెట్టడమూ మాకు తేలిక.

మళ్లీ వేసిన రంగు పైన ఆరినట్టు కనిపించినా లోపలి నుంచి సాల్వెంటు (రంగులో కలిపే ద్రావకం) కొన్ని వారాలపాటు బయటికి వస్తూనే ఉంటుంది. దానిమీద ఫిల్ము మూతవేస్తే బుడగలు వస్తాయి, రంగు మెత్తబడుతుంది. పెయింట్ బూత్ అనే వేడి గదిలో కాల్చిన రంగుకు కనీసం నెలరోజులు ఆగు. గాలికి ఆరబెట్టిందైతే రెండు మూడు నెలలు. రంగు కింద వేసే ప్రైమర్ సరిగా వేయని బంపరు అయితే ఎన్ని నెలలు ఆగినా భయమే. ఫిల్ము సర్దేటప్పుడు ఎత్తి మళ్లీ పరుస్తావు కదా, ఆ లాగుడికే రంగు పొరగా ఊడివస్తుంది. కాబట్టి గేజి అంకెలు, ఫోటోలు యజమానికి చూపించి కాగితం మీద సంతకం పెట్టించుకో. ఒప్పుకోకపోతే ఆ ఒక్క ప్యానెల్ వదిలెయ్. రంగు ఊడాక జరిగే పంచాయతీలో గెలిచిన షాపువాణ్ణి నేను చూడలేదు.

పాలిష్ విషయంలో నా అభిప్రాయం నీ గురువులకు నచ్చకపోవచ్చు. ప్రతి కారుకూ కాంపౌండ్ (గరుకు పాలిష్) కొట్టి అద్దంలా చేయాలని ఇప్పుడొక పిచ్చి పట్టుకుంది. క్లియర్ కోటు మొత్తం 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండ నుంచి రంగును కాపాడేది అదే. గట్టిగా కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి, తిరిగి రావు. సన్నని గీతలు ఫిల్ము జిగురు కింద చాలావరకూ కనబడకుండా పోతాయి. తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యుయల్ యాక్షన్ మెషీనుతో ఒక్కసారి తేలికపాటి పాలిష్ చాలు. రోటరీ మెషీను వదిలే సుడులు, క్లే రాపిడి మాత్రం ఉంచకు, ఎండలో అవి ఫిల్ము కింద నుంచి కూడా కనిపిస్తాయి. మ్యాట్ రంగు కారు వస్తే పాలిష్ జోలికే వెళ్లకు, మెరుపు మచ్చ పడితే సరిచేసే దారి లేదు.

హైవే తిరిగిన పాత కార్లకు బానెట్ ముందు రాళ్ల దెబ్బలుంటాయి. ముందు తుప్పు తీసి, టచప్ వేసి, ఆరాక సమం చెయ్. తుప్పును ఫిల్ము కప్పుతుందే తప్ప ఆపదు.

చివరి తుడుపు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో. ఒక వంతు ఆల్కహాలుకు మూడు నాలుగు వంతుల నీళ్లు. పాలిష్‌లోని నూనె పోయి, దాక్కున్న గీతలుంటే అప్పుడే బయటపడతాయి. దీని తర్వాత మైనం గానీ సిరామిక్ కోటింగు గానీ రాయకూడదు. సిరామిక్ కావాలంటే ఫిల్ము మీద వేసుకోమను. పాత సిరామిక్ ఉంటే పాలిష్‌తో తీశాకే ఫిల్ము.

గది తలుపులు మూసి, నేల తడిపి, సీలింగు ఫ్యాను ఆపి పనిచేయించు. కుర్రాళ్లకు నూలుపోగులు రాలే చొక్కాలు వద్దు. ఎండలోంచి వచ్చిన కారు చల్లబడనివ్వు, వేడి రేకు మీద ఫిల్ము పరచడానికి చల్లే సబ్బునీళ్లు నిమిషంలో ఆరిపోయి జిగురు అడ్డదిడ్డంగా పట్టేస్తుంది.

మీ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, బకెట్ల అంచున తెల్లని గీత చూస్తున్నావు కదా. కారు మీద అలాంటి వలయాలు కనిపిస్తే వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి వెంటనే కడిగెయ్. ఫిల్ము కింద చల్లే నీళ్లు మాత్రం బోరువి కాకూడదు, ఆ సున్నం లోపలే ఉండిపోతుంది. ఈ సిద్ధం చేసే పనిని బిల్లులో విడిగా రాసి, విడిగా డబ్బు తీసుకో. ఉచితమని చెబితే నీ కుర్రాళ్లూ దాన్ని ఉచితంగా వచ్చిన పనిలాగే చేస్తారు.

వచ్చే నెల మేమిద్దరం వస్తున్నాం. ఈలోగా షాపులో ఆర్వో పెట్టించు, గేజి నా దగ్గర ఇంకొకటి ఉంది, తెస్తాను.

మీ బాబాయి