నేరేడు వ్యాసం తిప్పి పంపుతూ

తమ్ముడూ,

నీ నేరేడుపండు వ్యాసం చదివాను. పండు కొరికాక నాలుక ఊదాగా మారి, చిగుళ్లు బిగుసుకోవడం గురించిన నాలుగు వాక్యాలూ బాగున్నాయి. మూడో పేజీలో “నేరేడులో ఆంథోసయనిన్లు, ఎల్లాజిక్ ఆమ్లం ఉన్నాయి, మధుమేహం తగ్గుతుంది” అన్నావే, అక్కడ ఆగిపోయాను. నేరేడులో అంటే ఎక్కడ? తొక్కలోనా, గుజ్జులోనా, గింజలోనా?

ఆ రంగు చాలామటుకు తొక్కది. నువ్వు రాసిన ఆంథోసయనిన్లు ఆ రంగునిచ్చే పదార్థాలే: డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ చక్కెరతో ముడిపడి అందులో ఉంటాయి. గుజ్జు వంద గ్రాములు తింటే వచ్చేది సుమారు 60 కేలరీలు, 14 గ్రాముల పిండిపదార్థం. ప్రోటీన్ గ్రాము కూడా ఉండదు. వగరు టానిన్లనే పదార్థాలది. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి ముద్ద చేస్తాయి, నోట్లో జారుడు పోతుంది. మొదటి పేజీలో నువ్వు రాసిన బిగుతు ఇదే! రెండూ కలపలేదేం?

రంగు గురించి రాసేముందు నాలుగు పండ్ల తొక్క ఒలిచి, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టు. ఆ నీళ్లు మూడు గిన్నెల్లో పొయ్యి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది. రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే నీలంలోకి, ఆకుపచ్చలోకి తిరుగుతుంది. సోడా మరీ ఎక్కువైతే పసుపుపచ్చగా విరిగిపోతుంది, తర్వాత ఎంత నిమ్మరసం పోసినా పాత రంగు పూర్తిగా రాదు. మూడోది అలాగే ఉంచు, పోల్చి చూడ్డానికి.

గింజల పొడిని “ఎండబెట్టి దంచుకోవాలి” అని తేల్చేశావు. గుజ్జు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, పై పెచ్చు తీసి, పప్పును ముక్కలు చేసి మళ్లీ ఎండబెట్టాలి. ముక్క టప్పున విరగాలి. వంగిందంటే తేమ ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది.

ఎల్లాజిక్, గాలిక్ ఆమ్లాలు గింజలో దండిగా ఉన్నమాట నిజం. కానీ రక్తంలో చక్కెర తగ్గడం మీద గింజతో జరిగిన పరీక్షల్లో ఎక్కువ ఎలుకల మీదివి. బ్రెజిల్‌లో నేరేడాకుల టీ మనుషులకిచ్చి చూస్తే చక్కెర తగ్గలేదు. ఆకు సంగతి గింజకు, గింజ సంగతి పండుకు అంటగట్టకు. నీ మాట నమ్మి ఎవరైనా మధుమేహం మాత్ర మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

“దివ్యౌషధం” అనే శీర్షిక తీసెయ్. సంపాదకులకు అదే కావాలి. “గింజలో” అన్న ఒక్క మాటను చోటు లేదని కొట్టేసి, “సూపర్ ఫుడ్” అని పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీ తీసి, ప్రతి పదార్థం పక్కనా తొక్క, గుజ్జు, గింజ, ఆకు, ఏదో ఒకటి పెన్సిల్‌తో రాయి. ఏదీ రాయలేకపోయిన వాక్యాన్ని కొట్టేసి పంపు.

ఆశీస్సులతో,
మీ అక్క