బుర్రలో ఎర్ర రంగు ఉందట, 30 సిటింగులు కావాలట

ప్ర: నాకు 46 ఏళ్లు, రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. ఏడాది కిందట బ్రాంచి బాధ్యత మీద పడింది. అప్పట్నుంచీ రాత్రి మూడింటికి దడతో మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. రీజనల్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే చాలు, కడుపులో దేవుతుంది. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కి తీసుకెళ్లాడు. కళ్లు మూసుకోమని, తలకి వైర్లు పెట్టి, కంప్యూటర్‌లో మెదడు బొమ్మ చూపించారు. వెనక భాగమంతా ఎర్రగా ఉంది, అదే మీ స్ట్రెస్ అన్నారు. న్యూరోఫీడ్‌బ్యాక్ 30 సిటింగులు, ముందే మొత్తం కడితే 60 వేలట. కట్టమంటారా?

జ: ఇప్పుడే కట్టకండమ్మా. ఆ సెంటర్ వాళ్లు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది, అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మీ దడ సంగతి. ఫోన్ మోగుతుంది. మీరు జవాబు ఆలోచించుకునేలోపే, మెదడు లోపల రెండు వైపులా బాదంగింజంత ఉండే అమిగ్డలా ఏదో ముప్పు వచ్చిందని మెదడు అడుగున ఉండే హైపోథలామస్‌కి కబురు పెట్టేస్తుంది. అక్కణ్ణుంచి రెండు దారులు. నరాల దారిన వెళ్లిన కబురుకి కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు సెకన్లలో అడ్రినలిన్ వదుల్తాయి, గుండె పరిగెడుతుంది, అరచేతులు చెమటపడతాయి, జీర్ణం పని పక్కన పెట్టేస్తారు లోపలివాళ్లు (కడుపులో దేవడం అందుకే). రెండో దారి నిదానం. హైపోథలామస్ తన కిందే ఉండే పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ రక్తం ద్వారా మళ్లీ అడ్రినల్‌కి చెప్తే కార్టిసాల్ అనే హార్మోను తయారవుతుంది, దానికి నిమిషాలు పడుతుంది. మామూలుగా ఆ కార్టిసాలే తిరిగి మెదడుకి చేరి, ఇక చాల్లే ఆపు అని చెప్తుంది. పులి ఎదురైనప్పుడు తిరగబడడానికో పారిపోవడానికో ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. రీజనల్ ఆఫీసు మీద తిరగబడలేం, పారిపోలేం, పైగా అది రోజూ వస్తుంది. ఏడాదిపాటు ఇలా నడిస్తే ఆపమని చెప్పే మాట సరిగ్గా పనిచేయదు.

బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఎలుకల మీద చేసిన పని ఇక్కడ చెప్పాలి. రోజుకి రెండు గంటలు, పది రోజులు కదలనీయకుండా ఉంచితే వాటి హిప్పోక్యాంపస్‌లో, అంటే జ్ఞాపకాల చోట, నరకణాల కొమ్మలు కురచబడ్డాయి. అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. ఆ తర్వాత 21 రోజులు హాయిగా వదిలేస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది గానీ అమిగ్డలా పెరిగినట్టే ఉండిపోయింది. ఎలుకల సంగతి మనకి అచ్చంగా వర్తిస్తుందని కాదు, కానీ నాలుగు రోజులు సెలవు పెట్టి తిరుపతి వెళ్లొచ్చినా మొదటి ఫోన్‌కే పాత దడ ఎందుకొస్తుందో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

ఇక న్యూరోఫీడ్‌బ్యాక్. తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి ఈఈజీ తీస్తారు, అంటే మెదడులోని విద్యుత్ తరంగాల గ్రాఫు, మీ తరంగాలు వాళ్లు కోరిన వైపు మళ్లితే తెరమీద బొమ్మ స్పష్టంగా నడుస్తుంది, లేకపోతే మసకబారుతుంది. తెలియకుండానే మెదడు నేర్చుకుంటుందన్నది ఆలోచన. ఇది బూటకంగా మొదలవలేదు. 1960లలో అమెరికాలో బ్యారీ స్టెర్మన్ అనే ఆయన పిల్లులకి సెకనుకి 12 నుంచి 15 సార్లు ఊగే మెదడు తరంగం పెంచుకోవడం నేర్పాడు, తర్వాత రాకెట్ ఇంధనం విషప్రభావం మీద జరిగిన వేరే ప్రయోగంలో ఆ పిల్లులకే ఫిట్స్ ఆలస్యంగా వచ్చాయి. పిల్లి నాటకమాడదు కదా, అందుకే జనం నమ్మారు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. 2017లో ఆస్ట్రియాలో నిద్రలేమి ఉన్నవాళ్లకి కొన్నాళ్లు అసలుది, కొన్నాళ్లు ఉత్తుత్తిది ఇచ్చి చూశారు. రెండిటికీ ఒకేలా బావుందన్నారు! ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉన్న పిల్లల మీద అమెరికాలో 38 సిటింగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి, అసలుది చేసిన గుంపూ ఉత్తుత్తిది చేసిన గుంపూ మెరుగుపడ్డాయి, తేడా మాత్రం లేదు. కాబట్టి మీకు ఊరట రావచ్చు, అది యంత్రం వల్లా, లేక అరగంట ఎవరూ ఫోన్ చేయని గదిలో కూర్చోవడం వల్లా అనేదే ప్రశ్న. స్ట్రెస్ విషయంలో కాస్త ఆశ కలిగించింది ఇజ్రాయెల్‌లో శిక్షణలో ఉన్న 180 మంది సైనికులతో చేసిన పని, 2019లో వచ్చింది. అందులో లక్ష్యం ప్రత్యేకంగా అమిగ్డలాకి సంబంధించిన సంకేతం, వీధి చివరి సెంటర్‌లో చేసేది అదే అనుకోకండి.

మీ ఎర్ర రంగు గురించి. కళ్లు మూసుకుంటే ఎవరికైనా తల వెనక భాగంలో ఆల్ఫా తరంగాలు (మెలకువగా, తీరిగ్గా ఉన్నప్పటివి) ఎక్కువవుతాయి, మొదటిసారి మనిషికి ఈఈజీ తీసిన హాన్స్ బెర్గర్ కాలం నుంచీ తెలిసిందే. దాన్ని ఉన్నదున్నట్టు బొమ్మగా వేస్తే నాకూ ఎరుపే వస్తుంది. మెడ కండరాలు బిగించినా గ్రాఫు ఎగురుతుంది, ఎందుకంటే మెదడు సంకేతం ఓల్టులో లక్షో వంతు అటూఇటూగా ఉంటుంది, కండరం ముందు అది ఏ మూలకి. నేనొకసారి సరదాకి కూర్చుని పళ్లు కొరికాను, తెర అల్లకల్లోలమైంది.

నన్నడిగితే ముందు వెళ్లాల్సింది మీ ఊరి డాక్టర్ దగ్గరికి. 46 ఏళ్లు, దడ, తెల్లవారుజామున మెలకువ అంటే థైరాయిడ్, రక్తహీనత, బీపీ చూడాలి, నెలసరి ఆగే వయసులో వచ్చే మార్పులూ ఇలాగే ఉంటాయి. ఇవేవీ ఆ బొమ్మలో కనపడవు. అన్నీ బావుంటే నిద్రలేమికి సీబీటీ (ఆలోచనలూ అలవాట్లూ మార్చే మాటల చికిత్స) చేసే క్లినికల్ సైకాలజిస్టుని వెతకండి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ తర్వాత కూడా న్యూరోఫీడ్‌బ్యాక్ చూడాలనిపిస్తే సిటింగ్‌కి సిటింగ్ కట్టండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

ప్ర: మావాడు సీనియర్ ఇంటర్, హాస్టల్. చదివిందంతా పరీక్ష హాల్లో మర్చిపోతున్నాడు. మెదడు దెబ్బతిందా?

జ: లేదు. టెన్షన్ ఎక్కువైతే నుదుటి వెనక ఉండే ప్రిఫ్రంటల్ భాగం వెనక్కి తగ్గుతుంది, చదివింది లోపలే ఉంటుంది, బయటికి తీసేవాడు ఉండడు. అమెరికాలో పెద్ద పరీక్షకి సిద్ధమవుతున్న మెడికల్ స్టూడెంట్లని స్కాన్ చేసి చూస్తే ధ్యాస మళ్లించుకోవడంలో వెనకబడ్డారు, పరీక్ష అయిపోయిన నెలకి మామూలయ్యారు. వాడికి రాత్రి ఎన్ని గంటల నిద్ర దొరుకుతోందో హాస్టల్ వాళ్లని కాదు, వాణ్నే అడగండి. తిండి మానేసినా, బతకాలని లేదన్నట్టు ఒక్క మాటన్నా ఆ రోజే ఇంటికి తీసుకొచ్చేయండి, మార్కుల సంగతి తర్వాత.

ప్ర: ఆన్‌లైన్‌లో తలకి పెట్టుకునే ఈఈజీ బ్యాండ్లు అమ్ముతున్నారు. కొనొచ్చా?

జ: ధ్యానం చేయడానికి బద్ధకమైతే, ఖరీదైన వస్తువు కొన్నాం కదా అని రోజూ కూర్చుంటారేమో, ఆ మేరకి సరే. నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసి వదలడానికి బ్యాండు అక్కర్లేదు.