నాన్న నన్ను తప్పిపోయిన గొర్రె అంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాన్నగారు మా చర్చిలో సంఘ పెద్ద. నాకు 25 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. క్రిస్మస్ సెలవుల్లో యవ్వనస్తుల కూడికలో నన్ను మాట్లాడమన్నారు. తోమా సువార్తలో ఉన్న తప్పిపోయిన గొర్రె ఉపమానం చెప్పాను. అందులో మందను విడిచిన గొర్రే అన్నిటికన్నా పెద్దది. కాపరి దాన్ని వెదికి పట్టుకుని, తొంభై తొమ్మిదింటికన్నా నువ్వే నాకు ఎక్కువ ఇష్టం అంటాడు. సొంతంగా ఆలోచించేవాళ్లంటేనే దేవుడికి ఇష్టమని దాని అర్థం అన్నాను. పాస్టర్ గారు అది దొంగ పుస్తకమన్నారు. అప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. అమ్మ దగ్గర నన్నే తప్పిపోయిన గొర్రె అంటున్నారట. నా విశ్వాసం ఎక్కడికీ పోలేదు. క్షమాపణ అడిగితే నా ఆలోచన తప్పని ఒప్పుకున్నట్టే కదా?

జవాబు: అలా ఏం కాదమ్మా. ఉపమానాన్ని మీరు చదివిన తీరు వేరు, దాన్ని చెప్పిన చోటు వేరు. క్షమాపణ అడగాల్సింది రెండోదానికే.

తోమా సువార్త బైబిల్లో చేరలేదు. యేసు చెప్పినవిగా 114 మాటలున్న దాని పూర్తి ప్రతి 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర, ఈజిప్టు క్రైస్తవుల పాత భాష అయిన కాప్టిక్‌లో దొరికింది. యేసు శిష్యుడు, అపొస్తలుడైన తోమాయే దాన్ని రాశాడని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. తొలినాళ్ల క్రైస్తవుల్లో కొందరు ఈ కథల్ని ఎలా విన్నారో దాని వల్ల తెలుస్తుంది కాబట్టి, దొంగ పుస్తకం అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అయితే సంఘంలో మాట్లాడుతున్నప్పుడు, ఇది మన బైబిల్లోది కాదు అని ముందే చెప్పాల్సింది.

ఇంకో మాట కాస్త కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. తోమాలో కూడా ఆ గొర్రె ఎందుకు వెళ్లిపోయిందో లేదు. ఆలోచించి వెళ్లిందని మీరు కలుపుకున్నారు. మీ మాటలు వింటున్న నాన్నగారికి ఏం తోచి ఉంటుంది? తానూ, ఇన్నేళ్లు తాను కనిపెట్టుకుని ఉన్న సంఘమూ ఆలోచన లేని ఆ తొంభై తొమ్మిదే అని కాదూ? ఆయన బాధ అక్కడ మొదలైందని నా అనుమానం. పుస్తకం సంగతి తర్వాతది.

మీరు చెప్పాలనుకున్న దానికి అంత దూరం పోనక్కర్లేదు, ఇంట్లో ఉన్న బైబిలే చాలు. లూకా 10లో ధర్మశాస్త్రం తెలిసినవాడు నిత్యజీవానికి ఏం చేయాలని అడిగితే, యేసు జవాబు చెప్పకుండా ధర్మశాస్త్రంలో నువ్వేం చదువుతున్నావని తిరిగి అతన్నే అడుగుతాడు. దొంగలు కొట్టి పడేసినవాణ్ని ఇద్దరు చూసీ దాటిపోతే, మూడోవాడైన సమరయుడు కాపాడి పూటకూళ్ల ఇంట్లో చేర్చిన కథ ముగిశాక కూడా, ఆ ముగ్గురిలో పొరుగువాడు ఎవడో చెప్పమంటాడు. కథ విన్నవాడే తీర్పు ఇవ్వాలి. మత్తయి 21లో ఇద్దరు కొడుకుల కథ ‘మీకేమి తోచుచున్నది?’ అనే మొదలవుతుంది. ఒకడు తోటకి పోనని చెప్పి, తర్వాత మనసు మార్చుకుని వెళ్తాడు. ఇంకొకడు పోతానని చెప్పి పోడు. లూకా 12:57లోనైతే, ఏది న్యాయమో మీ అంతట మీరే ఎందుకు తేల్చుకోరని యేసు సూటిగా అడుగుతాడు. ఈ చోట్ల మీ వాదనకి గట్టి బలం ఉంది, నేను మనస్ఫూర్తిగా మీ పక్షమే.

అర్థాలు కూడా ఎప్పుడూ ఒకేలా లేవు. సమరయుడు క్రీస్తు, పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు అని తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు ఆగస్టీను చెప్పాడు. ఈరోజు చాలా చర్చిల్లో అదే కథని ఆపదలో ఉన్నవాళ్లకి సాయం చేయాలని చెప్పడానికి వాడతారు. ఆగస్టీనుని ఎవరూ తప్పు బోధకుడు అనరు.

అలాగని ప్రతి ఉపమానమూ స్వతంత్ర ఆలోచన గురించే అనుకోకండి. లూకా 15లో గొర్రె తనంతట తాను దారి కనుక్కోదు, కాపరే భుజాల మీద మోసుకొస్తాడు. అది కృప గురించిన కథ. మీకు నచ్చిన అర్థానికి కథ లొంగనప్పుడు దాన్ని అలాగే ఒప్పుకోవడం కూడా సొంత ఆలోచనే.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఒక ఆదివారం ఇంటికి వెళ్లండి. ఈ మాట ఫోన్‌లో వద్దు, అమ్మ చేత కబురూ వద్దు. పాపం ఆవిడ ఇప్పటికే మీ ఇద్దరి మధ్య నలుగుతున్నారు. “నాన్నా, అందరి ముందు మీకు తలవంపులయ్యేలా మాట్లాడాను, క్షమించండి” అనండి. “కానీ” అని ఇంకేమీ కలపకండి. ఆయన అర్థం గురించి అడిగితే, ఇంకా అలాగే ఆలోచిస్తున్నానని నెమ్మదిగా, నిజమే చెప్పండి. అడగకపోతే ఆ రోజుకి వదిలేయండి.

కొన్నాళ్లకి ఇంట్లో కుటుంబ ప్రార్థనప్పుడు మత్తయి 21 చదివి, ఆ ఇద్దరు కొడుకుల గురించి మీకేం తోస్తుంది నాన్నా అని అడగండి. ఆయన చెప్పేది పూర్తిగా వినండి. సంఘ పెద్దగా ఆ వాక్యాన్ని ఆయన ఎన్నిసార్లు చదివి ఉంటారో! మీకు తట్టనిది ఆయనకి తట్టి ఉండొచ్చు.

అప్పటికీ మాట్లాడకపోతే మీరు మానకండి. వారం వారం ఫోన్ చేయండి, ఆయన ఎత్తకపోతే అమ్మతో మాట్లాడి నాన్న ఎలా ఉన్నారో కనుక్కోండి. తోమా సువార్త చదవడం మాత్రం ఆపొద్దు.