ఏళ్ల కిందట తప్పిపోయిన మనిషిని ప్రైవేట్ డిటెక్టివ్ వెతికిపెట్టగలడా?

కొన్నిసార్లు. అయితే ముందు పోలీస్ స్టేషన్‌లో మిస్సింగ్ కేసు నమోదైందో లేదో చూసుకోండి. ఎఫ్ఐఆర్ నకలు లేకపోతే తర్వాత కోర్టులో, బ్యాంకులో, బీమా దగ్గర తిప్పలే.

మన దేశంలో డిటెక్టివ్‌లకు ప్రత్యేక చట్టం లేదు. 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. కాబట్టి వాళ్లకు పోలీసు అధికారాలేవీ ఉండవు. "కాల్ డేటా తీయిస్తాం" అనేవాణ్ని అక్కడే వదిలేయండి. అది నేరం. 2018లో ఠాణే పోలీసులు ఇలాంటి వ్యవహారంలోనే కొందరు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. టెలికాం కంపెనీలు ఆ రికార్డులను తప్పనిసరిగా ఉంచాల్సింది రెండేళ్లే కనుక, పోలీసుల చేతే త్వరగా తీయించాలి.

డిటెక్టివ్ పనికొచ్చేది కాళ్లరిగేలా తిరగడానికి: పాత సహోద్యోగులు, ఇంటి ఓనర్లు, ఆశ్రమాలు, ఆసుపత్రులు, గుర్తుతెలియని శవాల రికార్డులు. అతనికి చివరి ఫోటో, పుట్టుమచ్చలు, పాత ఆపరేషన్లు, పళ్ల వైద్యం వివరాలు ఇవ్వండి. అప్పులు, ఇంట్లో గొడవలు కూడా చెప్పాలి. పరువు కోసం అవి దాచడం వల్లే చాలా వెతుకులాటలు దారి తప్పుతాయి.

ఏడేళ్లు ఆచూకీ లేకపోతే భారతీయ సాక్ష్య అధినియమ్ 111వ సెక్షన్ కింద మరణించినట్టు భావిస్తారు. ఏ తేదీన అన్నది మాత్రం దాంతో తేలదు. మధ్యలో ప్రీమియం ఆగిన బీమా పాలసీ ఉంటే, ఆగకముందే చనిపోయాడా, ఆగాకా అని గొడవంతా ఆ తేదీ దగ్గరే.