బొగ్గు ఎక్కడ, తమ్ముడూ?

తమ్ముడూ,

మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవులో దాని గుళ్ళకి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకోవడం బాగా రాశావు. కానీ ఆ మంట దగ్గరే ఉండిపోయావు. ఆ ఓడ కెప్టెన్ ఫాన్ ముల్లర్‌ని ‘సముద్ర సింహం’ అన్నావు చూడు, ఆ మాట కొట్టేయ్. స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న చెంపకరామన్ పిళ్ళై ఆ ఓడలో ఉన్నాడనే కథ కూడా తీసెయ్. వినడానికి బాగుంటుంది కానీ, ఆధారం అడిగితే ఏం చూపిస్తావు?

అసలు నీ వ్యాసంలో బొగ్గు ఏది? ఎండెన్‌ది 118 మీటర్ల పొడవు, పది ఫిరంగులు, పన్నెండు బాయిలర్లు. జోడీ ఓడ డ్రెస్డెన్‌కి టర్బైన్లు పెట్టారు, దీనికి మాత్రం పాతకాలపు పిస్టన్ ఇంజన్లే. గంటకి 23 నాటికల్ మైళ్ళు దాటి పరుగెత్తేది. ఇవన్నీ నువ్వూ రాశావు, కాకపోతే పెళ్ళి సంబంధానికి బయోడేటా రాసినట్టు రాశావు. ఆ బాయిలర్లు రోజూ బొగ్గు తింటాయి. హిందూ మహాసముద్రంలో ఆ ఓడకి సొంత రేవంటూ లేదు. మరి ముల్లర్‌కి టెన్షన్ దేని గురించి ఉంటుంది? పట్టుకున్న ఓడల్లోంచి బొగ్గు తోడుకోవాలి. అలా పట్టుకున్న పోంటోపోరస్ అనే ఓడలో దొరికింది నాసిరకం ఇండియా బొగ్గు. బూరెస్క్ అనే ఓడలో దొరికింది మేలురకం వేల్స్ బొగ్గు, అందుకే దాన్ని ముంచకుండా వెంటబెట్టుకున్నారు. ఉత్తుత్తి నాలుగో పొగగొట్టం పెట్టి బ్రిటిష్ ఓడలా కనిపించడం, పెనాంగ్‌లో రష్యా యుద్ధనౌక (క్రూయిజర్) జెమ్‌చుగ్‌ని ముంచడం, ఇవి నువ్వెలాగూ వదలవు. మసిగొట్టుకుపోయి బస్తాలు మోసినవాళ్ళకి కూడా ఒక పేరా ఇవ్వు.

నవంబర్ 9 పొద్దున హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో వైర్‌లెస్, కేబుల్ స్టేషన్ పగలగొట్టడానికి ఎండెన్ నుంచి కొందరు ఒడ్డుకి దిగారు. బొగ్గు నింపుకుందాం రమ్మని ఎండెన్ బూరెస్క్‌కి కబురు పెట్టింది. దూరాన పొగ కనబడితే బూరెస్కే అనుకున్నారు. వచ్చింది ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ. దాని ఫిరంగులు ఎనిమిదే, కానీ గొట్టం వెడల్పు ఆరంగుళాలు. ఎండెన్‌వి నాలుగంగుళాల పైచిలుకు. మొదట గురి కుదిరింది ఎండెన్‌కే. ఆ తర్వాత ఓడ తూట్లు పడిపోయి, ముల్లర్ దాన్ని అక్కడి నార్త్ కీలింగ్ దీవి దిబ్బల మీదికి ఎక్కించాడు. ఎండెన్‌లో 130 మందికి పైగా చనిపోయారు.

ఈసారి ఆ పొగతో మొదలుపెట్టి రాసి పంపు. మద్రాసు మధ్యలో రానీ.

మీ అన్నయ్య